గురి ముందు, బలం తరువాత
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

ఇంగ్లండులో ఇంజనీరుగా ఉన్న నన్ను అక్కడి నా సరదా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అది ఎయిర్ రైఫిల్.

అక్కడి రైతులకు కొట్టాల్లో ఎలుకల, పొలాల్లో కుందేళ్ల బెడద ఎక్కువ. పొలం యజమాని అనుమతితో వాటిని కొట్టవచ్చు. దాదాపు 16 జౌళ్ల లోపు రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు.

శక్తికి హద్దుంది కనుక ఎంపికలో మన ఫిజిక్సు మాస్టారి గతిశక్తి సూత్రమే దిక్కు. 4.5 మిల్లీమీటర్ల గుండు సుమారు అర గ్రాము; వేగంగా, తిన్నగా పోతుంది. 5.5 గుండు సుమారు గ్రాము. నెమ్మదిగా పోయి బలంగా తగులుతుంది. దూరం అంచనా కాస్త తప్పినా మొదటిదానికి గురి అంతగా తప్పదు; కొత్తవారికి అదే మేలు. స్ప్రింగు రైఫిలు అదురుతుంది. బిగించక తేలిగ్గా పట్టుకోవాలి.

ఎంత దూరంలో పది గుండ్లూ రూపాయి బిళ్లంత చోట పడతాయో, అదే మన హద్దు. అది దాటి కొడితే జీవి గాయంతో పారిపోయి, నరకయాతన పడి చస్తుంది.

ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును కొట్టడం నేరం. సరదాకు కాగితపు గురి ఉండనే ఉంది: పది మీటర్ల దూరం, అర మిల్లీమీటరు నడిమి చుక్క. ఆ గురితోనే హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం సాధించారు.

మన బడిలో పది మీటర్ల చోటు లేకపోలేదు. సంఘం పూనుకుని మంచి కోచ్‌ను పెడితే, మొదటి రైఫిలు ఖర్చు నాది.