మేత వెంట పొట్టలోకి చేరే ప్లాస్టిక్కు
(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించి, దాణా గురించి ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాము. ఈసారి పశువు మింగకూడనిది మింగుతున్న సంగతి, అందులో కొంత మన పొట్టలోకీ చేరుతున్న సంగతి మనవి చేయదలచుకున్నాము.

మన అడవి అంచు గ్రామాల గొడ్లు పగలంతా మోదుగ పొదల్లో మేసి, సాయంత్రం ఇంటికి వచ్చే దారిలో సంత జరిగిన చోట ఆగుతాయి. అక్కడ ఉప్పు కవర్లు, మిగిలిన అన్నం ముడివేసి పారేసిన కవర్లు ఉంటాయి. గొడ్డు ముడి విప్పలేదు గదా, కవరుతో సహా మింగుతుంది. మేక ఏరుకుని తింటుంది గాని, ఆవు, గేదె నాలుకతో చుట్టి లాక్కుంటాయి. ఇక ఒంట్లో ఉప్పు, భాస్వరం చాలని పశువు గుడ్డలు, కవర్లు నమలడం మీరంతా చూసినదే.

మింగిన కవరు అరగదు. పెద్దపొట్టలోనే నిలిచిపోయి, కవరు మీద కవరు చేరి, తాళ్లతో పెనవేసుకుని ఉండ కడుతుంది. పశువు మేత తగ్గిస్తుంది, నెమరు తప్పుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పాలు పడిపోతాయి. మేము ఎరిగిన ఒక సభ్యురాలి గేదె పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది, ఒక లీటరుకు దిగింది. దిష్టి అన్నారు, పసరు పోశారు. చచ్చిన తరువాత కోసి చూస్తే పొట్టలో తట్టెడు కవర్లు! ఆ గేదెకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. వేళకు పశువైద్యునికి చూపిస్తే ఎడమ డొక్క వద్ద కోసి కవర్లు తీసే ఆపరేషన్ ఉంది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వారు ఇలాగే ఆవుల పొట్టల నుండి కవర్లు తీయించి, ఈ బాధపై 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు.

ఇక కంటికి కనబడని భాగం. ప్లాస్టిక్కు ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది గాని మాయం కాదు. 5 మిల్లీమీటర్ల కంటె చిన్న ముక్కలను సూక్ష్మ ప్లాస్టిక్కు అంటున్నారు. మన వాములపై కప్పే యూరియా సంచులనే చూడండి. రెండు వేసవులు గడిస్తే పట్టుకోగానే పీచులై రాలతాయి. ఆ పీచు గడ్డిలోనే పడుతుంది. 1986లో గోదావరి భద్రాచలం వద్ద 75 అడుగులు దాటినప్పుడు ఒండ్రు, మానులు మిగిల్చిందని పెద్దలు చెబుతారు. 2022 జూలైలో 71 అడుగులు దాటి తీసినప్పుడు కంచెలకు, తుమ్మలకు కవర్లు వేలాడాయి. మళ్లీ గొడ్లు మేసేది ఆ గట్ల మీదనే.

నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 2022లో 22 మంది రక్తాన్ని పరీక్షించగా 17 మందిలో ప్లాస్టిక్కు కనబడింది. అదే ఏడాది అక్కడ ఆవుల రక్తంలో, పాల నమూనాలలో కూడా కనుగొన్నారు. 2024లో ఇటలీ వైద్యులు 257 మంది మెడ రక్తనాళాలలో పేరుకున్న కొవ్వును తీసి చూశారు. ఆ కొవ్వులో ప్లాస్టిక్కు ఉన్నవారికి సుమారు మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం కలిసి నాలుగున్నర రెట్లు ఎక్కువగా వచ్చాయి. ప్లాస్టిక్కే దానికి కారణమని ఇంకా రుజువు కాలేదు. అయినా కొట్టిపారేయదగిన మాట కాదు.

ఇది చెబితే పాలు కొనేవారు భయపడరా అని ఒకరిద్దరు పెద్దలు మమ్మల్ని అడిగారు. లాక్టోమీటరు పెట్టి నీళ్లు పట్టుకునే మనం దీన్ని దాచడం ఎలా? పాలు మానవలసిన కారణం ఇందులో మాకు కనబడలేదు. ఈ రేణువులు నీళ్లలోనూ, ఉప్పులోనూ, గాలిలోనూ ఉన్నాయి. మన చేతిలో ఉన్నంత మేరకు తగ్గించుకోవడమే పని. పాలు స్టీలు క్యానులోనే పోయండి. వేడి పాలు, వేడి టీ కవరులో కట్టించుకోవద్దు, వేడికి రేణువులు ఎక్కువ ఊడుతాయి. లవణ మిశ్రమం రోజూ దాణాలో కలపండి. పీచులెత్తిన సంచిని వామి మీద నుండి తీసేయండి, అయితే కాల్చవద్దు, ఆ పొగ మరీ చెడ్డది. 120 మైక్రాన్ల కంటె పలుచని చేతి కవర్లను 2022 డిసెంబరు 31 నుండి ప్రభుత్వం నిషేధించింది గాని సంతలో అవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి, అడిగి తీసుకునేదీ మనమే.

ఈ ఏటి సర్వసభ్య సమావేశం భోజనాలకు అడ్డాకు విస్తళ్లు చెప్పాము. నీళ్లకు స్టీలు గ్లాసులు చాలకపోవచ్చు. ఎవరి గ్లాసు వారు వెంట తెచ్చుకోవలసిందిగా కోరుతున్నాము.