మిత్రుని మంచం పక్కన గడిచే సంవత్సరాలు

 

గురుబరపల్లి జాతీయ రహదారి మీది ఊరు. కృష్ణగిరి నుండి హోసూరు వరకు లారీలకు, బస్సులకు పగలూ లేదు, రాత్రీ లేదు. ఆ దారిలోనే యువకులు ద్విచక్ర వాహనాల మీద పనులకు వెళ్తారు. ప్రమాదం జరిగితే 108కు ఫోను చేయాలని నేడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. తొలి 48 గంటల అత్యవసర చికిత్సకై తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ఒక పథకాన్ని కూడా ప్రారంభించింది. కాని 49వ గంట నుండి మొదలయ్యే కాలాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ. నేటి ప్రసంగం ఆ కాలాన్ని గురించినది.

పెద్ద కష్టం వస్తే ఈ ప్రాంతం వారు బయలుదేరే ఊరు వేలూరు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. స్వస్థలం కేరళ. స్త్రీల వైద్యంలో నిపుణురాలు కావాలన్నది ఆమె ఆశయం. 1954లో తోటివారితో విహారానికి వెళ్తుండగా వాహనం బోల్తా పడింది. వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ముఖానికి కూడా గాయమైంది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు నిండలేదు.

తెగిన వెన్నుపాము మళ్లీ అతకదు. ఈ సత్యాన్ని రోగి కంటె ముందు చుట్టూ ఉన్నవారు జీర్ణించుకోవాలి. అదే ఆసుపత్రిలో కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను సరిచేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెను ఓదార్చి ఊరుకోలేదు. చేతి శస్త్రచికిత్స కూర్చుని చేయదగినదని గుర్తుచేసి, ఆమెకు పని చూపించారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కత్తి పట్టారు. తమకంటె ఎక్కువ కోల్పోయిన మనిషి తమ చేతులను బాగుచేస్తుంటే ఆ రోగులకు కలిగిన ధైర్యం ఏ మందూ ఇవ్వలేనిది. తరువాత ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పునరావాస చికిత్స పొందారు. న్యూయార్కులో డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థలో ఆ శాస్త్రాన్నే అభ్యసించారు. తిరిగివచ్చి వేలూరులో పునరావాస విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం వెలసింది. 1972లో పద్మశ్రీ లభించింది. 1986లో కన్నుమూశారు. ప్రమాదానికీ బాగాయం కేంద్రానికీ నడుమ పన్నెండు సంవత్సరాలున్నాయి!

తెలుగువారికి ‘మయూరి’ చిత్రం గుర్తుండే ఉంటుంది. 1981లో తమిళనాట జరిగిన బస్సు ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన సుధాచంద్రన్, జైపూరు కాలుతో 1984లో మళ్లీ వేదికనెక్కి, 1985లో ఆ చిత్రంలో తన కథను తానే నటించారు. గొప్ప చిత్రమే. కాని ఏ సినిమా అయినా రెండున్నర గంటల్లో ముగియక తప్పదు. పుండు పడిన చోట కృత్రిమ పాదాన్ని మళ్లీ మళ్లీ తొడుక్కునే ఉదయాలు తెరమీద ఒక పాటలో గడిచిపోతాయి. ఇంట్లో అలా గడవవు.

మొదటి వారం ఆసుపత్రి వరండాలో నిలబడటానికి చోటుండదు. యాపిల్ పండ్లు, హార్లిక్సు సీసాలు గుట్టపడతాయి. ఆరవ నెలలో తల్లి ఒక్కతే ఉంటుంది. స్నేహితుడు రావలసినది అప్పుడు. స్పర్శ లేని శరీరం మంచంమీద కదలక పడి ఉంటే ఒత్తిడి పుండ్లు పడతాయి, అవి ప్రాణాంతకం కూడా కాగలవు. అందుకే సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, రాత్రివేళ కూడా. ఆ తల్లి ఎన్ని నెలలు నిద్రపోకుండా ఉండగలదు? మంచం నుండి కుర్చీలోకి మార్చే పద్ధతిని చికిత్సకుని వద్ద నేర్చుకుని, శనివారం రాత్రి వచ్చి కూర్చునే మిత్రుడు ఆ ఇంటికి చేసే ఉపకారం ఇంతంత కాదు. ఏదో ఒక వారమే ఫలానా రోజున రావాలి. ఎప్పుడో వస్తానన్న మాట రోగికి ఎదురుచూపులనే మిగులుస్తుంది.

మిత్రుడు చొక్కా తొడుక్కోవడానికి అరగంట పడితే ఆ అరగంట చేతులు కట్టుకుని కూర్చోవడం అన్నింటికంటె కష్టం. చేయి సాచి గుండీలు పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకూడదు. అడగకుండా చక్రాల కుర్చీని తోయకూడదు. ఎవరో ఏదో నూనె రాస్తే లేచి నడిచారన్న కబుర్లు మోసుకుపోకూడదు. మామిడి కాపు, క్రికెట్టు, ఊరి పంచాయితీలు మాట్లాడవచ్చు. తలకు దెబ్బ తగిలినవారిలో మరపు, అకారణ కోపం కనిపిస్తాయి. ఒక్కొక్కప్పుడు బూతుమాటలూ వస్తాయి. అవి గాయం పలికించే మాటలు. మనసుకు పట్టించుకుని రావడం మానేసే స్నేహితులే ఎక్కువ.

వేలూరులో చికిత్స పొంది ఇళ్లకు వెళ్లినవారు పునరావాస మేళా పేరిట మళ్లీ కలుసుకుంటారు. ఇదీ ఒక పూర్వ విద్యార్థుల సమ్మేళనమే. ఎవరు దుకాణం పెట్టారో, ఎవరికి పుండు మానలేదో ఒకరినొకరు అడిగి తెలుసుకుంటారు.

నేటి సభకు రాలేకపోయిన సహాధ్యాయి ఎవరైనా ఉంటే, పూర్వ విద్యార్థులు రేపు ఒక కొలత టేపు తీసుకుని ఆ ఇంటికి వెళ్లాలి. కుర్చీ సులభంగా పట్టాలంటే తలుపు సుమారు మూడడుగుల వెడల్పుండాలి. అడుగెత్తు గడపకు పన్నెండడుగుల వాలుబాట కావాలి. మేస్త్రీని మాట్లాడే ముందు, అది ఏ వైపున ఉండాలో ఆ మిత్రుడినే అడగాలి.