సిపాయి బత్తెము

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



జూబిలీ సభలో పాఠశాల ప్రగతిని గురించి మాట్లాడటం ఆనవాయితీ. భవనాలు, ఉత్తీర్ణతా శాతాలు, దాతల వివరాలు అన్నీ నివేదికలో ఉన్నందున వాటిని మరల చదివి మీకు విసుగు కలిగించను. మన పూర్వ విద్యార్థులలో సైన్యంలో పనిచేసినవారు, ఇప్పటికీ పనిచేస్తున్నవారు ఉన్నారు. వారిని ఈ వేదికపై సత్కరించుకొన్నాము. శాలువా కప్పటం తేలిక. వారికి న్యాయంగా రావలసినది వస్తున్నదా అని అడగటం అంత తేలిక కాదు. అందువలన 180 ఏళ్ళకు పైబడిన ఒక జీతపు తగాదాను మీ ముందు ఉంచాలని అనుకొన్నాను.

బత్తెము అనే మాట మనకు క్రొత్తది కాదు. కోర్టులో సాక్ష్యం చెప్పటానికి వెళ్ళినవానికి ఇచ్చే దినవెచ్చాన్ని మన పెద్దలు సాక్షి బత్తెమనేవారు. కన్నడంలో వడ్లకు భత్త అని పేరు. ఈస్టిండియా కంపెనీవారి లెక్కల పుస్తకాలలోనికి ఎక్కిన ‘బట్టా’ అనే మాట ఇక్కడి నుండే పోయినదని నిఘంటుకారులు వ్రాశారు. మనం నివసించే తమిళనాట దీనినే ‘పడి’ అంటారు. పంజప్పడి, పయణప్పడి అనే మాటలు నెలజీతం వచ్చే ఇళ్ళలో వింటూనే ఉంటాము. పడి అంటే ధాన్యం కొలిచే పాత్ర కూడా కదా! ఏ భాషలో చూచినా ఈ మాట వెనుక తిండిగింజలే ఉన్నవి. ఆనాటి కాల్బలపు సిపాయికి నెలకు మూల జీతం 7 రూపాయలు. జీతం కొలువు చేసినందుకు. బత్తెము ఇల్లు విడిచి దూరం వెళ్ళినందుకు.

ఇంత దూరపు చరిత్రకూ మన కొండకూ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. ఈ కొండ దిగితే ధర్మపురి. 1792లో శ్రీరంగపట్టణం సంధి వలన టిప్పు సుల్తాను వదులుకొన్న బారామహల్ సీమలోనిది మన ప్రాంతం. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ క్రింద సహాయకుడుగా 1799 వరకు ఈ సీమలో శిస్తు నిర్ణయించిన సైనికాధికారి థామస్ మన్రో. తరువాత ఆయన దత్తమండలాలకు కలెక్టరయ్యాడు. రాయలసీమ పల్లెలలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనేటంతగా ఆయన అక్కడివారి మనసులలో నిలిచాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1824లో బర్మాతో యుద్ధం వచ్చినప్పుడు మద్రాసు పటాలాలను ఓడలెక్కించి రంగూనుకు పంపే భారం ఆయన ప్రభుత్వంపై పడింది. ఆ పటాలాలలో ముసల్మానులతో పాటు, తమిళులతో పాటు, తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. క్లైవు కాలంలో మద్రాసు నుండి బెంగాలుకు పోయిన సిపాయీలను చూచి ఉత్తరాదివారు సిపాయి అనే ప్రతివానినీ ‘తిలంగా’ అనటం మొదలుపెట్టారంటే మనవారి పాత్ర ఎంతటిదో ఊహించవచ్చు.

ఓడ ఎక్కటం ఆ కాలంలో సామాన్య విషయం కాదు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదరాలీతో యుద్ధం కోసం సముద్ర మార్గాన మద్రాసుకు వెళ్ళవలసినదన్న ఆజ్ఞను సిపాయీలు ధిక్కరించి అధికారులపై తుపాకులు పేల్చారు. అటువంటి సైన్యమే కొన్ని దశాబ్దాలలో సముద్రానికి అలవాటుపడింది. 1811లో జావాకు వెళ్ళింది, బర్మాకు వెళ్ళింది, 1840 తరువాత చైనాకు వెళ్ళింది. 1841 మే నెలలో కాంటన్ సమీపాన సన్యువాన్‌లీ వద్ద 37వ మద్రాసు పటాలానికి చెందిన ఒక కంపెనీ కుండపోత వానలో దారి తప్పింది. మందు తడిసి తుపాకులు పేలలేదు. వేలాదిమంది గ్రామస్థులు చుట్టుముట్టగా ఆ కంపెనీ చతురస్రంగా నిలబడి, సహాయం వచ్చేదాకా కాచుకొన్నది. పరాయి దేశపు పల్లెవారి దృష్టితో చూస్తే వీరు దురాక్రమణదారులే; ఆ మాట దాచవలసిన పని లేదు. కాని ఆ వానలో నిలబడినవాడు కూడా ఏదో ఒక పల్లెలో ఒక తల్లికి బిడ్డే.

మరొక సంగతి గృహిణులు గమనించాలి. మద్రాసు సిపాయి సంసారం అతని దండుతోపాటే కదిలేది. బెంగాలు దండులో ఈ పద్ధతి లేదు. కావున మద్రాసు సిపాయిని ఓడ ఎక్కించటమంటే ఒక ఇంటిని రెండు చేయటమే. తాను అక్కడ తినాలి, భార్యాపిల్లలు ఇక్కడ తినాలి. 7 రూపాయలలో ఇది కుదరదు. బత్తెము ఉంటేనే కుదురుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. 1843 ఫిబ్రవరిలో మియానీ యుద్ధం జరిగింది. ఆ సంవత్సరమే సర్ చార్లెస్ నేపియర్ సింధు దేశాన్ని కంపెనీ రాజ్యంలో కలిపివేశాడు. ఆ రాజ్యాన్ని కాపలా కాయటానికి దండు కావలసి వచ్చింది. అప్పుడు 47వ మద్రాసు పటాలం బర్మా తీరంలోని మౌల్మీనుకు వెళ్ళటానికి సిద్ధంగా ఉన్నది. దానిని సింధుకు మళ్ళించారు. అప్పటి మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభువు సేనాధిపతి కూడా. బర్మాలో ఏ బత్తెము ఇస్తారో సింధులోనూ అదే ఇస్తామని ఆయన ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ మాట నమ్మి సిపాయీలు ఓడ ఎక్కారు. 1844 ఆరంభంలో ఓడ బొంబాయి చేరింది. అక్కడ తెలిసింది, కలకత్తాలోని పై ప్రభుత్వం ఆ బత్తెము చెల్లదన్నదని. పటాలం కవాతు మైదానంలో ఎదురుతిరిగింది. బొంబాయి ప్రభుత్వం కొంత సొమ్ము ముందుగా చేతికిచ్చి వారిని శాంతింపజేసింది. ఆంగ్ల చరిత్రకారుడు కేయీ 1864లో మొదటి సంపుటం వెలువడిన తన సిపాయి యుద్ధ చరిత్రలో ఈ వృత్తాంతాన్ని వ్రాశాడు.

బత్తెము ఎందుకు చెల్లదన్నారో వినండి. విదేశంలో కొలువు చేసినవానికే ఆ హెచ్చు మొత్తం. సింధు ఇప్పుడు విదేశం కాదు. కంపెనీ రాజ్యంలో ఒక భాగం. నేల మారలేదు, ఎండ మారలేదు, సముద్రం తగ్గలేదు, జ్వరాలు తగ్గలేదు. కాగితం మీద ఆ నేల పేరు మాత్రమే మారింది. సిపాయీలు గెలిచి ఇచ్చినందువలననే అది స్వదేశమయినది, స్వదేశమయినందువలననే వారి బత్తెము పోయినది!

న్యాయంగా చెప్పాలంటే కలకత్తా వారి వాదంలోనూ కొంత తర్కం లేకపోలేదు. మూడు రాజధానుల సేనలు ఒకే చోట కాపలా కాస్తుండగా ఒక పటాలానికి ఎక్కువ, మరొక పటాలానికి తక్కువ ఇస్తే రెండవ పటాలం ఊరుకుంటుందా? ఖజానా చూచుకొనేవాడు ఇది ఆలోచించవలసినదే. కాని ఆ ఆలోచన ఓడ బయలుదేరకముందు జరగాలి. ఇచ్చిన మాటను ఒడ్డున ఉన్నప్పుడు సరిచేయవచ్చు. నడిసముద్రం దాటించిన తరువాత సరిచేయటాన్ని దిద్దుబాటు అనటానికి నాకు మనసు రాదు.

బెంగాలు పటాలాలకూ ఆ ఏడే ఇదే అనుభవం. సింధుకు వెళ్ళము పొమ్మన్న 34వ పటాలాన్ని 1844 మార్చిలో మీరటులో రద్దు చేశారు. 64వ పటాలం కథ ఉపాధ్యాయులుగా మనం ప్రత్యేకంగా తెలుసుకోదగినది. పై నుండి వచ్చిన లేఖను దాని అధికారి కర్నల్ మోస్లీ తనకు అనుకూలంగా సాగదీసి, మీకు అదనపు బత్తెము వస్తుందని సిపాయీలకు చెప్పాడు. లేఖ అతని చేతిలో ఉన్నది, దాని భాష వారికి రాదు. షికార్‌పూరులో జీతాలు ఇచ్చే రోజున తక్కువ మొత్తం చూచి వారు తిరగబడ్డారు. మోస్లీని ఉద్యోగం నుండి తొలగించారు. ఇరవై ఏళ్ళ క్రితం, 1824 నవంబరు 2న, బారక్‌పూరులో బర్మా ప్రయాణానికి బండ్లు, ఎద్దులు, రెట్టింపు బత్తెము కోరిన బెంగాలు పటాలంపై సేనాధిపతి పాగెట్ ఫిరంగులు పేల్పించాడు. ఆ పటాలం సంఖ్య కూడా 47 కావటం కాకతాళీయమే. దాని సంఖ్యను సైన్యపు జాబితా నుండే తుడిచివేశారు.

1849లో పంజాబును కలుపుకొన్నప్పుడు మరల ఇదే తర్కం, ఇదే కోత. 1850 ఫిబ్రవరిలో గోవింద్‌గఢ్‌లో 66వ పటాలం అలజడి చేసింది. అప్పటికి సేనాధిపతి ఎవరనుకొన్నారు? సింధును కలిపిన నేపియరే. ఆయన ఆ పటాలాన్ని కొలువు నుండి తీసివేసి దాని స్థానంలో గూర్ఖాలను నిలిపాడు. అయితే ధరలు మండుతున్న చోట సిపాయికిచ్చే పరిహారాన్ని తగ్గించిన నిబంధనను మాత్రం తన అధికారంతో నిలిపివేశాడు. గవర్నరు జనరల్ డల్హౌసీ ఆయనను మందలించాడు. నేపియర్ రాజీనామా చేసి ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. కఠినుడైన దండనాయకునికి కూడా చివరకు సిపాయి కడుపు కనిపించింది, కచ్చేరీకి కనిపించలేదు.

ఇవన్నీ పరాయి ప్రభుత్వపు పాపాలని పుస్తకం మూసివేయటానికి వీలు లేదు. ఈ మధ్య మన పాఠశాలలో చదువుకొన్న ఒక సైనికుడు నా దగ్గరకు వచ్చాడు. విదేశంలో శాంతిరక్షణ దళంలో పనిచేసి వచ్చినవాడు. వెళ్ళేముందు ఒక ప్రత్యేక భత్యం వస్తుందని అతనికి చెప్పారు. వచ్చిన తరువాత అడిగితే, నీవు పనిచేసిన స్థలం ఆ భత్యం వర్తించే జాబితాలో లేదని ఒక కార్యాలయం నుండి రెండు పంక్తుల జవాబు వచ్చింది. “అమ్మా, అక్కడ కాపలా కాసింది నేను. ఆ చోటు లెక్కలోనిది కాదంటే నేనెక్కడ ఉన్నట్లు?” అన్నాడు. “ముందు ఆ జాబితా తేదీ చూడు నాయనా” అన్నాను. చూచాము. అతడు బయలుదేరిన మూడు నెలలకు జాబితా సవరించబడినది. ఆ ఒక్క తేదీని ఆధారం చేసుకొని, కోపతాపాలు లేని భాషలో, ఒకటిన్నర పుటల అర్జీ వ్రాసుకొన్నాడు. నేను అక్షరదోషాలు మాత్రమే దిద్దాను. దాని ఫలితం ఇంకా తేలలేదు.

47వ పటాలపు సిపాయికి లేనిది ఈ కుర్రవానికి ఉన్నది. 1950 నాటి సైన్య చట్టంలోని 26వ సెక్షను ప్రకారం, తనకు అన్యాయం జరిగినదని భావించే సైనికుడు పై అధికారికి ఫిర్యాదు చేసుకోవచ్చు. అక్కడ న్యాయం దొరకకపోతే 2007 చట్టం ద్వారా ఏర్పడి 2009లో పని ప్రారంభించిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నది. దాని ప్రాంతీయ ధర్మాసనం ఒకటి చెన్నైలోనే ఉన్నది. జీతము, భత్యము, పింఛను దాని పరిధిలోనివే. న్యాయం తెలిసిన సభ్యుడొకరు, సైన్యం తెలిసిన సభ్యుడొకరు కలసి వింటారు. అయితే నేరుగా ట్రిబ్యునల్‌కు పరుగెత్తరాదు. ముందు శాఖలోని దారులు నడవాలి. తుది ఉత్తర్వు వచ్చిన తేదీ నుండి 6 నెలలలోగా దరఖాస్తు చేయాలి. ఫిర్యాదుకు 6 నెలలు గడచినా తుది జవాబు రాకపోతే, ఆపైన మరొక 6 నెలల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నది కాని, దానిని నమ్ముకొని కూర్చోవద్దు. ఇంకొక జాగ్రత్త. పదిమంది కలసి ఒకే అర్జీపై సంతకాలు చేయటం సైన్యంలో క్రమశిక్షణకు విరుద్ధం. ఎవరి అర్జీ వారే వ్రాసుకోవాలి.

ఇక్కడే తెలుగు పాఠశాల పని ఉన్నది. ఉత్తర్వులు ఆంగ్లంలోనో హిందీలోనో వస్తవి, ఇంటి చుట్టూ తమిళం, ఇంటిలో తెలుగు. సొంత భాషలో ఒక వాక్యానికి కర్త ఎవరు, క్రియ ఏది, షరతు ఎక్కడ ఉన్నది అని విడదీయటం వచ్చినవాడు ఏ భాషలోని ఉత్తర్వునైనా కొంచెం శ్రమతో విప్పుకోగలడు. అది రానివాడు మోస్లీ వంటివాడు చెప్పినదే నమ్మాలి. లేఖారచన పాఠానికి పరీక్షలో మార్కులు తక్కువని పిల్లలు దానిని వదలివేస్తున్నారు. ఉపాధ్యాయులు కూడా, ఏమీ అనుకోకండి, చివరి వారంలో తొందరగా ముగించేస్తున్నారు. ఈ ఏడు నుండి తొమ్మిదవ తరగతిలో నెలకొక అర్జీ నిజమైన విషయంపై వ్రాయించాలని ఉపాధ్యాయ సమావేశంలో నిర్ణయించుకొన్నాము.

పూర్వ విద్యార్థులలో సైన్యం, పోలీసు, రైల్వే ఏ కొలువులో ఉన్నవారైనా, రావలసిన బత్తెము రాక ఇబ్బంది పడుతున్నవారు ఉంటే, శనివారం మధ్యాహ్నం 2 గంటల నుండి ఉపాధ్యాయుల గదిలో ఇద్దరు ఉపాధ్యాయులు కూర్చుంటారు. వారు వకీళ్ళు కారు. కాగితం చదివి, తేదీలు వరుసలో పెట్టి, అర్జీ శుభ్రంగా వ్రాయటంలో తోడ్పడతారు. వచ్చేటప్పుడు మిమ్ములను పంపిన ఉత్తర్వు నకలు, ఆ కాలపు జీతపు చీటీలు, వచ్చిన జవాబు, ఆ జవాబు వచ్చిన కవరు తపాలా ముద్రతో సహా తీసుకొని రండి.