ఒక మాట – పెక్కు బరువులు



నేటి ప్రసంగవిషయ మొక చిన్న ఇంగ్లీషు మాట. అది "ఛార్జి". మన పల్లెలలో దీని నెఱుగనివారు లేరు. ఎఱుగుదుమనుకొని మోసపోవువారును గలరు.

గడచిన వేసవిలో నల్లగొండ ప్రాంతపు వృద్ధు డొకడు ఎల్.బి.నగర్ కూడలిలో బస్సు దిగి, త్రోవ యడుగుచు నాకు కనబడెను. ఆయన మనుమడు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలున నుండి ఉద్యోగపరీక్షలకు చదువుచున్నాడు. ముందటి రాత్రి ఆ పిల్లవాడు ఫోనులో "తాతా, ఛార్జి లేదు" అనినంతనే మాట తెగిపోయెనట. మనుమడు బస్సు ఛార్జికైనను డబ్బు లేక చిక్కుపడెనని తలచి, విత్తనములకు దాచిన రెండువేల రూపాయలను పంచెకొంగున ముడివైచుకొని, తెల్లవాఱకమున్నే ఈ పెద్దాయన బయలుదేఱెను.

2018 సెప్టెంబరు 24వ తేదీనుండి మెట్రో రైలు ఎల్.బి.నగర్ వఱకు వచ్చుచున్నది గదా. ఇద్దఱమును దాని నెక్కి, మూడవ స్టేషనైన దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితిమి. పిల్లవాడు క్షేమముగనే యున్నాడు. లేనిది ఫోనులోని విద్యుత్తు! వాడు మొదట నవ్వెను. కొంగుముడి చూచిన పిదప నవ్వలేకపోయెను.

ఈ మాటకు మూలము లాటిను భాషలో బండి యను నర్థముగల పదము. బండి కెత్తు బరువే ఫ్రెంచి భాష గుండ వచ్చి ఇంగ్లీషున "ఛార్జి" యైనది. ప్రయాణపు రుసుము సంచిపై బరువు. ఫోనున కెక్కించునది విద్యుత్తు బరువు. ఉద్యోగి "ఛార్జి తీసికొనుట" భుజముపై బాధ్యత బరువు. పోలీసుల ఛార్జిషీటు తలపై నేరారోపణ బరువు. బరువు దించినచో "డిశ్చార్జి": ఆసుపత్రిలో నది రోగిని ఇంటికి పంపుట, న్యాయస్థానమున నిందితుని ఆ కేసునుండి విడుచుట. లాఠీఛార్జి యన మీదబడి కొట్టుట.

ఒక మాటకు పలు అర్థములుండుట మనకు క్రొత్త గాదు. అమరకోశమున నానార్థవర్గమే కలదు. "సైంధవము తెమ్ము" అని భోజనవేళ ననిన ఉప్పు తేవలెను. ప్రయాణవేళ ననిన గుఱ్ఱమును తేవలెను. అర్థమును నిర్ణయించునది ప్రకరణమని శాస్త్రము. అయితే సైంధవము తెమ్మనిన వాని ముందఱ విస్తరి యున్నదో, వాడు ప్రయాణసన్నద్ధుడై యున్నాడో, వినువానికి కనబడుచుండెను. ఫోనులో నేదియు గనబడదు. మాట యొక్కటియే చెవికి చేఱును.

కావున పిల్లలు "ఫోనులో ఛార్జి లేదు" అని నిండుగ చెప్పవలెను. పెద్దలు "ఏ ఛార్జి, నాయనా?" అని మరల నడుగవలెను. కాగితముపై వ్రేలిముద్రయో సంతకమో చేయునప్పుడు మఱింత యడుగవలెను. అడుగుట చిన్నతనము గాదు. అడుగక పోగొట్టుకొనుటయే నష్టము.

ఆ పెద్దాయన విత్తనపు సొమ్ము మనుమడు పుచ్చుకొనలేదు. ఆ సాయంకాలమే అది యూరికి మరలినది. అందు తఱిగినది రానుపోను ఛార్జి మాత్రమే.