తప్పును దాచని యంత్రం



మన పాఠశాల 75 ఏండ్ల ప్రవేశ రిజిస్టర్లను కంప్యూటరులో భద్రపరచాలని పెద్దలు సంకల్పించారు. ఆ పేర్లు ఈ గడ్డపై తెలుగువారి ఉనికికి సాక్ష్యాలు. వాటిని యంత్రానికి అప్పగించే ముందు ఒక మాట మనవి చేస్తాను.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్, అందరూ చదివి దిద్దగల వ్యవస్థ. అందులో డిస్కుకు ఆదేశాలు అందించే భాగమే డ్రైవరు. డిస్కు సాధారణంగా 30 సెకన్లలో బదులీయకుంటే ఆ ఆదేశాన్ని రద్దు చేస్తారు. ఫలించకుంటే డిస్కును, ఆపై అడాప్టరును రీసెట్ చేస్తారు. అప్పటికీ పలుకకుంటే డిస్కును పక్కన పెడతారు.

అయినను 2018లో ఒక లోపం చర్చకు వచ్చింది. డిస్కుపై రాత విఫలమైనదని వ్యవస్థ ఒకసారి చెప్పి, మరల అడిగితే అంతా క్షేమమనేది. రాత మాత్రం డిస్కుకు చేరేది కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు నిర్మాతలు దీనిని బహిరంగంగా చర్చించి, 2019లో తమ విధానాన్ని మార్చుకున్నారు. ఇప్పుడది వైఫల్యం తెలిసిన వెంటనే ఆగి, ముందుగా వ్రాసుకున్న చిట్టా ఆధారంగా కోలుకుంటుంది.

విశ్వసనీయత అంటే తప్పు జరగకపోవడం కాదు, జరిగిన తప్పును దాచకపోవడం. ఎర్రసిరాతో మన గురువులు నేర్పినదీ ఇదే. కనుక రెండవ ప్రతిని వేరొకచోట ఉంచండి, అసలు పుస్తకాలను పారవేయకండి. సెలవు.