ఒడిలో బిడ్డ, చేతిలో పుస్తకం

(ముస్లిం మహిళల విద్యపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



బాలికల విద్య గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. కానీ పదో తరగతి పూర్తికాకుండానే బడి మాని, నిఖా జరిగి, తల్లి అయిన అమ్మాయి ఆ చర్చలో కనిపించదు. బడి రిజిస్టరులో ఆమె పేరు కొట్టివేసిన రోజే మనమూ ఆమెను మరచిపోయాం. నేటి నా మాటలు ఆమె కోసమే.

ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తాను. 18 ఏళ్లు నిండని బాలికకు పెళ్లి చేయడం 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. దానిని ఆపడం మనందరి బాధ్యత. అయితే పెద్దలు చేసిన తప్పుకు ఆ బాలిక జీవితాంతం చదువుకు దూరం కావడం న్యాయం కాదు.

ఉచిత విద్యకు చట్టం ఇచ్చిన హామీ 14 ఏళ్లతో ముగుస్తుంది. ఆ తరువాత మిగిలిన దారి సార్వత్రిక పాఠశాల. అక్కడ ఐదు సబ్జెక్టులతో పదో తరగతి పూర్తి చేయవచ్చు. ఉర్దూ మాధ్యమమూ ఉంది. ఉత్తీర్ణురాలైన సబ్జెక్టును మళ్లీ రాయనక్కరలేదు. ఆ ధ్రువపత్రం పై చదువులకు చెల్లుతుంది. దారి ఉన్నా ఆమె నడవలేకపోతున్నదంటే కారణాలు చిన్నవిగా కనిపించే పెద్ద విషయాలు: ఫీజు, అత్తవారింటి అనుమతి, పరీక్ష రాసేంతసేపు బిడ్డను ఎత్తుకునే మనిషి.

తెలంగాణలో షాదీ ముబారక్ కింద ప్రభుత్వం వధువు కుటుంబానికి 1,00,116 రూపాయలు ఇస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన షాదీ తోఫాకు వధూవరులు పదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్న నిబంధన పెట్టారు. నిబంధన మంచిదే. కాని చదువు ఆగిపోయిన వారికి చేయూత లేకపోతే అది మూసిన తలుపే అవుతుంది. అందుచేత మన కోరిక ఇది: పెళ్లి సాయం దరఖాస్తు అందిన చోటే వధువు చదువు గురించి అడగాలి, పదో తరగతి పూర్తి చేయని ఆమెను సార్వత్రిక పాఠశాలలో చేర్చి, ఫీజు ప్రభుత్వమే భరించాలి, తరగతులు, పరీక్షలు జరిగే చోట పసిపిల్లల సంరక్షణ గది ఉండాలి.

మన వంతు కూడా ఉంది. మసీదు కమిటీలు ఆదివారం ఒక గది ఇవ్వగలవు. వీధిలోని పెద్దమ్మలు, ఖాలాలు రెండు గంటలు పిల్లలను చూసుకోగలరు. భర్త, అత్తమామలు ఆమె పుస్తకానికి అడ్డు రాకపోతే సగం పని జరిగినట్టే.

తొలి దైవవాణి చదువుమన్న ఆజ్ఞతో మొదలైందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఆజ్ఞలో తల్లులకు మినహాయింపు లేదు.