శామీర్‌పేటలో రాలిన ఆకు

శిశిరంలో శామీర్‌పేట జింకల పార్కు వైపు వెళ్తే చెట్ల కింద ఎండుటాకులు గలగలమంటాయి. దసరా నాటికి వాటిలో చాలా భాగం కనిపించదు. మరి ఎవరు ఊడ్చినట్టు?

ముందుగా చెదలు. తలుపులు తినేస్తున్నాయని మనం తిట్టుకుంటాం గానీ, అడవికి అవే పెద్ద పనివాళ్లు. మన నేలల్లో పుట్టలు పెట్టే చెదలు ఎండుకట్టెను సొంతంగా పూర్తిగా అరిగించుకోలేవు. నమిలి పుట్టలోకి చేర్చి, దానిమీద ఒక రకం బూజును పెంచుతాయి. కట్టెకు గట్టితనమిచ్చే లిగ్నిన్‌ను ఆ బూజే విడగొడుతుంది. వానాకాలంలో పుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఆ సేద్యం ఫలమే.

తొలకరి పడ్డాక వానపాములు, పేడపురుగులు, బాక్టీరియా కూడా పనిలో దిగుతాయి. ఆకులోని నత్రజని, భాస్వరం మళ్లీ వేళ్లకు అందుతాయి.

ఈ పనిచేసే జీవులకు తడీ కావాలి, గాలీ కావాలి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డులాంటి చోట గుట్టపడ్డ చెత్త లోపల గాలి ఆడదు. అక్కడ గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు చేరి మీథేన్ వాయువు పుట్టిస్తాయి. ప్లాస్టిక్ మాత్రం అలాగే ఉంటుంది.

మేడ్చల్ కాలనీల్లోని శ్రోతలారా, రాలిన ఆకులకు అగ్గిపెట్టకండి. గుంత తీసి అందులో వేయండి, పేడనీళ్లు చల్లి అప్పుడప్పుడు తిరగేయండి. కొన్ని నెలల్లో మీ మొక్కలకు ఎరువు సిద్ధం.